25 జీబీ డిస్కులో ఒక పత్రిక

వెబ్ సర్వరులో డిస్కు నిండిపోతే ఆ కబురు ఎప్పుడూ తిన్నగా మన చెవిన పడదండీ. ముందు ఎవరో ఫోన్ చేసి, "పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాను, లోపలికి వెళ్లినట్టే వెళ్లి బయటికొచ్చేస్తోంది" అంటారు. లాగిన్ అయిన సంగతి గుర్తుపెట్టుకునే సెషన్ ఫైలు రాయడానికి చోటు లేదు, అందుకూ అది. ఇంకొకరు ఫోటో ఎక్కడం లేదంటారు. వ్యాసం సేవ్ చేయబోతే పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ చోటు లేదని తెలిసినా ఆగిపోదు మరి, నిమిషానికోసారి చోటు దొరికిందేమోనని చూసుకుంటూ కూర్చుంటుంది. సర్టిఫికెట్ రెన్యూ కాక, కొన్నాళ్లకి బ్రౌజరు ఈ సైటు సురక్షితం కాదని పాఠకుల్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. సరే ఏమైందో చూద్దామని సర్వరులోకి వెళ్లి, ఫైలు పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కామా, ఆ ట్యాబ్ కూడా పనిచేయకుండా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఒక ముక్క రాసి ఊరుకుంటుంది. లినక్సులో ఆ ఎర్రరు నంబరు 28.

అప్పుడు ఎవరికైనా మొదట తట్టేది ఏదో ఒకటి చెరిపేయడం. ఏది పెద్దగా కనిపిస్తే దాని మీదికి చెయ్యి పోతుంది. పెద్దగా కనిపించేది సాధారణంగా ఫోటోల ఫోల్డరు. పదేళ్ల కిందటి సంచికల బొమ్మలు ఇప్పుడెవరు చూస్తారులే అనిపిస్తుంది. అక్కడే నేను మీ చెయ్యి పట్టుకుని ఆపాలనుకుంటున్నాను. ఈ కబుర్లన్నీ అందుకే.

ఒక చిన్న తెలుగు పత్రిక అనుకోండి. నెలకో సంచిక, సంచికకి 20 రచనలు. నెలకి కొన్ని వందల రూపాయల అద్దెకి దొరికే చిన్న వర్చువల్ సర్వరు, అందులో 25 జీబీ డిస్కు. దాని మీద ఉబుంటు, ఇంజిన్‌ఎక్స్, మైఎస్‌క్యూఎల్, వర్డ్‌ప్రెస్. లోకంలో ఇలాంటి సర్వర్లు కోకొల్లలు. ఇప్పుడు లెక్క చూద్దాం. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం, గుణింతపు గుర్తు, పొల్లు, ఒక్కొక్కటీ 3 బైట్లు తింటాయి. "క్ష" అని ఒక్క అక్షరం రాస్తే కకారం, పొల్లు, షకారం కలిసి 9 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే గనక, తెలుగు చాలా చోటు తినేస్తుందని కొందరు భయపడతారు. భయం అక్కర్లేదు. 2,500 మాటల పెద్ద వ్యాసం తీసుకున్నా 60 కేబీ దగ్గర తేలుతుంది. నెలకి 20, ఏడాదికి 240, పదేళ్లకి 2,400 వ్యాసాలు. అన్నీ అంత పెద్దవే అనుకున్నా మొత్తం 144 ఎంబీ! పదేళ్ల పాటు కవులూ కథకులూ పడ్డ శ్రమంతా కలిపి 25 జీబీలో నూటికి ఒక్క వంతు కూడా నిండదు. 1998లో అమెరికాలోని తెలుగువాళ్లు మొదలుపెట్టిన ఈమాట లాంటి పత్రిక అంతటి పాత సంచికల్ని కూడా ఇవాళ మన ముందు ఉంచగలుగుతోందంటే, అచ్చంగా అక్షరాల బరువు అంత తక్కువ కాబట్టి కూడాను.

అంటే డిస్కుని నింపింది సాహిత్యం కాదు. ఎవరూ చదవనివి, ఎవరూ అడగనివి, మనకి తెలియకుండా సర్వరు తనంతట తాను రాసుకుంటూ పోయేవి నింపాయి. చెరిపే ముందు ఎవరు రాస్తున్నారో కనిపెట్టాలి.

కనిపెట్టడానికి రెండు పాత కమాండ్లు చాలు. డీఎఫ్ ఏ విభాగం ఎంత నిండిందో చెబుతుంది. డీయూ ఏ ఫోల్డరు ఎంత తింటోందో చెబుతుంది. డీయూకి ఎక్స్ అన్న ఆప్షన్ తప్పకుండా ఇవ్వండి, లేకపోతే పక్క డిస్కుల్లోకీ, నెట్‌వర్క్ మౌంట్లలోకీ దూరిపోయి లెక్క కలగాపులగం చేస్తుంది. పై నుంచి ఒక్కో మెట్టే దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా పెద్దదాని వెంట పోతే నాలుగైదు మెట్లలో దొంగ దొరుకుతాడు. చాలాసార్లు ఆ మెట్లు వార్ అన్న డైరెక్టరీలోకే తీసుకెళ్తాయి. ఎప్పుడు ఏం జరిగిందో సర్వరు రాసుకునే లాగులు అక్కడే, డేటాబేసు అక్కడే, ప్యాకేజీల కాష్ అక్కడే, డాకర్ వాడితే దాని ఇమేజీలూ అక్కడే.

లాగుల దగ్గర కాసేపు కూర్చుందాం. తెలుగు సైట్లకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన సంగతి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెడితే పేజీ చిరునామా కూడా తెలుగులోనే తయారవుతుంది. బ్రౌజరులో చూడటానికి ఎంత బాగుంటుందో! కానీ తీగ మీద వెళ్లేటప్పుడు ఒక్కో బైటు ముందూ శాతం గుర్తు పెట్టి, వెనక రెండు అంకెలో అక్షరాలో చేరుస్తారు. ఒక్కో వర్ణానికి 3 బైట్లు, బైటుకి 3 గుర్తులు, వెరసి 9. "దీపావళి" అన్న చిన్న మాటలో గుర్తులతో కలిపి లెక్కపెడితే 7 వర్ణాలు, సర్వరు లాగులో అది 63 అక్షరాల తోక అవుతుంది. వర్డ్‌ప్రెస్ ఈ చిరునామా ముక్కని 200 అక్షరాల దగ్గర కోసేస్తుంది. అంటే మహా అయితే 22 వర్ణాలు. తెలుగు బ్లాగుల్లో చిరునామాలు మధ్యలో ఠక్కున తెగిపోయి కనిపించడానికి కారణం ఇదే.

ఇంతవరకూ అయితే ఫర్వాలేదు. కానీ లాగులో ప్రతి వరుసలోనూ అడిగిన ఫైలు పేరుతో పాటు, ఏ పేజీ నుంచి అడిగారన్నది కూడా ఉంటుంది. ఒక వ్యాసం పేజీ తెరిస్తే ఆ పేజీతో సహా బొమ్మలూ, స్టైల్ ఫైళ్లూ, స్క్రిప్టులూ కలిపి 40 దాకా ఉన్నాయనుకోండి. ఆ 40 వరుసల్లోనూ మన 200 అక్షరాల తెలుగు చిరునామా మళ్లీ మళ్లీ రాసుకుంటుంది సర్వరు. ఒక్క పాఠకుడు ఒక్క పేజీ చూసినందుకు దాదాపు 8 కేబీ, కేవలం ఆ చిరునామా కోసం. రోజుకి 1,000 మంది కొత్త పాఠకులు వస్తే 8 ఎంబీ, నెలకి 240 ఎంబీ. పదేళ్ల సాహిత్యం 144 ఎంబీ అని ఇందాకే లెక్కేశాం. ఒక్క నెలలో శీర్షికల నకళ్లు దాన్ని దాటిపోయాయి చూశారా!

దీనికి విరుగుడు తెలుగు చిరునామాలు మానేయడం అని నేననను. మన మాట చిరునామాలో కనిపించడం నాకిష్టం. రెండు మూడు మాటలకి కుదించి చేత్తో రాసుకుంటే అటు తెగిపోదు, ఇటు పొడుగవదు. అసలైన మందు వేరే ఉంది. ఇంజిన్‌ఎక్స్ అమరికలో బొమ్మలకీ స్టైళ్లకీ స్క్రిప్టులకీ విడిగా ఒక లొకేషన్ రాసి, అక్కడ యాక్సెస్ లాగ్ ఆఫ్ అని ఒక్క ముక్క చేరిస్తే 40 వరుసల్లో 39 మాయమవుతాయి. లోగో ఎంతమంది తెరిచారో మనకి తెలియాల్సిన పనేముంది? వ్యాసం ఎవరు చదివారన్న వరుస మాత్రం ఉంటుంది. మిగిలిన లాగుని జీజిప్ చేస్తే బాగా కుంచించుకుపోతుంది. తెలుగు వర్ణాలన్నిటికీ మొదటి బైటు ఒకటే, రెండోది ఉన్నవే రెండు రకాలు. అలా పదేపదే వచ్చేదాన్ని నొక్కి కుదించడం జీజిప్‌కి బాగా చేతనైన పని.

ఈ నొక్కే పనీ, పాతవి పారేసే పనీ లాగ్‌రొటేట్ చూసుకుంటుంది. డెబియన్, ఉబుంటుల్లో ఇంజిన్‌ఎక్స్ ప్యాకేజీతో వచ్చే అమరిక రోజుకోసారి లాగుని తిప్పి, 14 ఉంచి, ఆపైవి తీసేస్తుంది. అయితే లాగ్‌రొటేట్ తనకి చెప్పిన ఫైళ్లనే పట్టించుకుంటుంది. మీరు రాసుకున్న స్క్రిప్టు హోమ్ డైరెక్టరీలో ఎక్కడో లాగు రాస్తుంటే దాని జోలికి రాదు. వర్డ్‌ప్రెస్‌లో ఏదో తప్పు పట్టుకోవడానికి డీబగ్ లాగ్ ఆన్ చేసి, తీయడం మరిచిపోయారనుకోండి, ఆ ఫైలు ఏళ్ల తరబడి పెరుగుతూనే ఉంటుంది. 2022 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.2కి మారిన సైట్లలో ఇది బాగా బయటపడింది. పాత ప్లగిన్లు వాడే డైనమిక్ ప్రాపర్టీలు ఇక వాడొద్దని పీహెచ్‌పీ ప్రతి పేజీకీ డజన్ల కొద్దీ హెచ్చరికలు రాయడం మొదలెట్టింది. పైగా ఆ డీబగ్ ఫైలు మామూలుగా ఉండేచోటు బయటివాళ్లు బ్రౌజరులో తెరిచి చూడగలిగే చోటు. చోటు సంగతి పక్కనపెట్టినా దాన్ని తీసేయడానికి ఆ కారణం ఒక్కటి చాలు.

అన్నట్టు, లాగుల విషయంలోనే చాలామందిని తికమక పెట్టే వింత ఒకటుంది. 6 జీబీ లాగు ఫైలు కనిపించింది, ఆర్ఎమ్ కొట్టి తీసేశారు. డీయూ తగ్గింది. డీఎఫ్ మాత్రం అలాగే 100 శాతం చూపిస్తోంది! యునిక్స్‌లో ఫైలు పేరు వేరు, ఫైలు వేరు. ఆర్ఎమ్ తీసేది పేరుని. ఆ ఫైలుని ఏదో ఒక ప్రోగ్రాము తెరిచి పట్టుకుని ఉన్నంతకాలం లోపలి సరుకు డిస్కు మీదే ఉంటుంది, పేరు లేకుండా ఇంకా పెరుగుతుంది కూడా. ఎల్ఎస్ఓఎఫ్ కమాండుకి ప్లస్ ఎల్ 1 అని ఇస్తే ఇలా పేరు పోయి ప్రాణం మిగిలిన ఫైళ్లన్నీ, వాటిని పట్టుకున్న ప్రోగ్రాములతో సహా కనిపిస్తాయి. ఆ ప్రోగ్రాముని రీస్టార్ట్ చేస్తే చోటు వెంటనే తిరిగొస్తుంది. ఇంజిన్‌ఎక్స్ అయితే ఆపనక్కర్లేదు, లాగులు మళ్లీ తెరవమని సిగ్నల్ పంపితే చాలు. నడుస్తున్న లాగుని ఖాళీ చేయాలంటే ఆర్ఎమ్ కాదు, ట్రంకేట్ వాడాలి. పేరు అలాగే ఉంటుంది, సరుకు సున్నా అవుతుంది, పట్టుకున్న ప్రోగ్రాము తన పని తాను చేసుకుంటుంది.

లాగులంటే చెత్త అనుకుని అన్నీ ఊడ్చేయకండి. సైటులోకి ఎవరో చొరబడితే ఎలా వచ్చారో చెప్పేవి అవే. మన దేశంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ సిస్టమ్‌ల లాగులు 180 రోజులు భద్రంగా ఉంచాలని ఉంది. 25 జీబీ డిస్కు మీదే ఆరు నెలలు ఉంచుకోనక్కర్లేదు. కుదించిన లాగుల్ని రోజూ రాత్రి ఆబ్జెక్ట్ స్టోరేజీకి పంపేస్తే సరి. అమెజాన్ క్లౌడుకి ముంబైలో ఎప్పట్నుంచో రీజియన్ ఉంది, 2022 నవంబరు నుంచి హైదరాబాదులోనూ ఉంది. అక్కడ జీబీకి అయ్యే ఖర్చు సర్వరు డిస్కు కన్నా బాగా తక్కువ.

సిస్టమ్‌డీ జర్నల్ సంగతి ఒక్క ముక్కలో తేల్చేద్దాం. ఏమీ చెప్పకపోతే అది విభాగంలో పదో వంతు దాకా, 4 జీబీకి మించకుండా వాడుకుంటుంది. మన 25 జీబీలో రెండున్నర జీబీ అన్నమాట. అమరికలో సిస్టమ్ మ్యాక్స్ యూజ్ అన్నచోట 200 ఎంబీ అని రాసిపెడితే మన పత్రికకి సరిపోతుంది. ఏపీటీ క్లీన్ కొడితే దించుకున్న ప్యాకేజీల కాష్ పోతుంది, ఆటోరిమూవ్ కొడితే పాత కెర్నళ్లు పోతాయి. ఈ రెండింటి వల్లా ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఇక ఫోటోలు. ఇందాక మీ చెయ్యి పట్టుకుని ఆపింది ఇక్కడే కదా.

ఫోనుతో తీసిన 4 ఎంబీ ఫోటో ఒకటి వర్డ్‌ప్రెస్‌కి ఎక్కించారు. అది 150, 300, 768, 1024, 1536, 2048 పిక్సెళ్ల కొలతల్లో ఒక్కొక్కటి చొప్పున తయారుచేస్తుంది. 2019 నవంబరులో వచ్చిన 5.3 నుంచీ, 2560 దాటిన ఫోటోని ఆ కొలతకి కుదించి ఇంకొకటి కూడా చేస్తోంది. అసలు ఫోటో అలాగే ఉంటుంది. ఒకటి ఎక్కిస్తే ఎనిమిది. థీమ్ తన కొలతలు తాను చేరుస్తుంది. థీమ్ మార్చినా పాత థీమ్ చేయించిన కొలతలు అక్కడే ఉండిపోతాయి. పరివారమంతా కలిపి ఇంకో రెండు ఎంబీ దాకా తేలుతుంది. కాబట్టి ఫోటోల ఫోల్డరు 9 జీబీ ఉంటే అందులో మూడో వంతు మళ్లీ తయారు చేసుకోగలిగే నకళ్లు. తీయదలిస్తే వాడని కొలతలు తీయండి. డబ్ల్యూపీ-సీఎల్ఐ అన్న కమాండు పరికరంతో ఇప్పటి థీమ్‌కి కావలసినవి మాత్రమే మళ్లీ చేయించవచ్చు. కాకపోతే పాత వ్యాసాల్లో ఏ కొలత బొమ్మని నేరుగా పిలిచారో ముందు చూసుకోండి, లేకపోతే అక్కడక్కడా బొమ్మలు విరిగిపోతాయి.

అసలు ఫోటోల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒక రచయిత తొలి కథకి వేసిన బొమ్మ, ఊళ్లో జరిగిన సభ ఫోటో, ఇప్పుడు లేని పెద్దాయన నవ్వు. పంపినవాళ్ల ఫోనులో కూడా అది మిగిలి ఉండకపోవచ్చు, పత్రిక సర్వరులో ఉన్నదే ఆఖరి ప్రతి కావచ్చు. చోటు మరీ ఇరుకైతే పాత అసలు ప్రతుల్ని ఇంకోచోటికి మార్చండి, అక్కడికి చేరాయో లేదో చెక్‌సమ్‌తో సరిచూసుకుని అప్పుడు ఇక్కడ తీయండి. ఇకమీదట వచ్చే ఫోటోల్ని ఎక్కించే ముందే కుదించుకోవచ్చు. పేజీలో చూపడానికి 2000 పిక్సెళ్లు ధారాళంగా సరిపోతుంది.

డీఎఫ్ చూస్తే 40 శాతం ఖాళీ ఉంది, అయినా చోటు లేదంటోంది, ఇదేం విడ్డూరం అని ఎప్పుడైనా అనిపించిందా? అప్పుడు డీఎఫ్‌కి ఐ అని ఆప్షన్ ఇచ్చి చూడండి. ఈఎక్స్‌టీ4లో ప్రతి ఫైలుకీ ఒక ఐనోడ్ కావాలి. గోదాములో బస్తాలకి చోటున్నా, సరుకు రాసుకునే రిజిస్టరులో వరుసలు అయిపోతే కొత్త బస్తా దించుకోలేం కదా, అలాంటిదే ఇదీ. డిస్కుని ఫార్మాట్ చేసేటప్పుడే మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున ఐనోడ్లు కేటాయిస్తారు. 25 జీబీకి సుమారు 16 లక్షలు. చాలా ఎక్కువే అనిపిస్తుంది గానీ, పేజీ కాష్ ప్లగిన్లూ పీహెచ్‌పీ సెషన్లూ దాన్ని తేలిగ్గా తినేస్తాయి.

సెషన్ల విషయంలో డెబియన్, ఉబుంటు వాడేవాళ్లకి ఒక రహస్యం చెబుతాను. అక్కడ పాత సెషన్ ఫైళ్లని ఊడ్చే పని పీహెచ్‌పీకి అప్పగించలేదు, దాన్ని ఆపి ఉంచారు. అరగంటకోసారి నడిచే వేరే పని ఒకటి పీహెచ్‌పీ అమరికల్లో రాసి ఉన్న చోటుకి వెళ్లి ఊడుస్తుంది. ఎవరో సైటు తన కోడ్‌లోనే సెషన్ ఫోల్డరుని ఇంకోచోటికి మార్చుకున్నారనుకోండి, అక్కడ ఊడ్చేవాళ్లు ఎవరూ ఉండరు. సైటు తెరిచిన ప్రతి రోబోకీ ఒక సెషన్ పుడుతుంది. లోపల ఉండేది 200 బైట్లే, కానీ డిస్కు 4 కేబీ బ్లాకుల్లోనే చోటు ఇస్తుంది. 5 లక్షల సెషన్లలో ఉన్న సరుకు 100 ఎంబీ, అవి ఆక్రమించింది 2 జీబీ, వాడేసిన ఐనోడ్లు 5 లక్షలు. అలాంటి ఫోల్డరులో నక్షత్రం గుర్తు పెట్టి ఆర్ఎమ్ కొడితే పేర్ల జాబితా మరీ పొడుగైందని షెల్ ఒప్పుకోదు. ఫైండ్ కమాండుతో, ఇన్ని రోజులు దాటినవి అని చెప్పి, డిలీట్ ఆప్షన్ ఇస్తే నెమ్మదిగా అన్నీ పోతాయి. ముందు డిలీట్ లేకుండా ఒకసారి నడిపి ఏమేం దొరుకుతున్నాయో కళ్లారా చూడండి. ఆ అరనిమిషం దగ్గర తొందర పనికిరాదు.

డేటాబేసు జోలికి వెళ్లేటప్పుడు మరీ నెమ్మది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచీ బైనరీ లాగ్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది, 30 రోజులు ఉంచుతుంది. డేటాబేసు 300 ఎంబీ ఉన్న సైటులో బైనరీ లాగులు 5 జీబీ ఉండటం వింతేమీ కాదు. ఆ ఫైళ్లని ఆర్ఎమ్‌తో తీయకండి. వాటి పట్టీ ఒకటి మైఎస్‌క్యూఎల్ రాసుకుంటుంది, పట్టీలో ఉండి డిస్కు మీద లేకపోతే చిక్కులొస్తాయి. పర్జ్ బైనరీ లాగ్స్ అని దానికే చెప్పాలి. పక్కన రెప్లికా లేని ఒంటరి సర్వరులో, రోజూ బ్యాకప్ తీసుకుంటున్నప్పుడు, గడువు మూడు రోజులకి తగ్గించుకుంటే చాలని నా అభిప్రాయం. పూర్తిగా ఆపేయమని మాత్రం చెప్పను. మధ్యాహ్నం ఎవరో పొరపాటున టేబుల్ చెరిపేస్తే, రాత్రి తీసిన బ్యాకప్‌కీ ఆ క్షణానికీ మధ్య జరిగినదంతా తిరిగి తెచ్చేది ఆ లాగే.

వర్డ్‌ప్రెస్ ప్రతి సేవ్‌కీ వ్యాసం మొత్తం నకలు ఒకటి దాచుకుంటుంది, హద్దు పెట్టకపోతే ఎన్నైనా. 60 కేబీ వ్యాసాన్ని దిద్ది దిద్ది 30 సార్లు సేవ్ చేస్తే 1.8 ఎంబీ. హద్దు ఐదో పదో పెట్టుకోవచ్చు. అయితే పాత నకళ్లు డేటాబేసులోంచి తీసేసినా డిస్కు మీద ఫైలు చిన్నదవదు. ఖాళీ అయిన చోటుని మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ ఇంజిను తన దగ్గరే ఉంచుకుని తర్వాతి రాతలకి వాడుకుంటుంది. ఆప్టిమైజ్ టేబుల్ అంటే చిన్నదవుతుంది, కానీ అది టేబుల్‌ని పక్కన కొత్తగా రాసి తర్వాత పాతది తీస్తుంది. 2 జీబీ టేబుల్‌కి ఆ కాసేపూ ఇంకో రెండు జీబీ దాకా కావాలి. అందుకే ఆ పని డిస్కు నిండాక కాదు, నిండకముందే చేసుకోవాలి.

బ్యాకప్పులు కూడా అదే డిస్కు మీద పెట్టేవాళ్లు ఎంతమందో! డిస్కు పోతే రెండూ పోతాయి గనక అది బ్యాకప్పే కాదు, పైగా చోటు దండగ. కొన్ని ప్లగిన్లు బ్యాకప్ ఫైలుని సైటు ఫోల్డరులోపలే దాచుకుంటాయి, వచ్చేవారం తీసే బ్యాకప్‌లోకి పోయినవారం బ్యాకప్ కూడా చేరుతుంది, ఆపై వారం ఆ రెండూ. ఫోల్డరు అలా ఉబ్బిపోవడం చూస్తే అనుమానించాల్సింది ముందు దీన్నే. డేటాబేసు డంపుని నేరుగా జీజిప్‌లోకీ, అక్కణ్నుంచి ఎస్ఎస్‌హెచ్ మీదుగా వేరే మిషన్‌లోకీ పైపులో పంపేయవచ్చు. ఈ డిస్కు మీద ఒక్క బైటు కూడా పడదు. నెలకోసారైనా ఆ ప్రతిని ఎక్కడో విప్పి, సైటు లేస్తుందో లేదో చూసుకోండి.

హద్దుల గురించి చెప్పాలి. పెద్ద సర్వర్లలో లాగులకో విభాగం, డేటాబేసుకో విభాగం విడిగా కోస్తారు. 25 జీబీలో అలా కోస్తే ఒకచోట ఖాళీ ఉండి ఇంకోచోట ఇరుకై ఏడిపిస్తుంది. అన్నీ ఒకే విభాగంలో ఉంచి, రాసే ప్రతిదానికీ ఇంతకి మించొద్దని విడిగా చెప్పుకోవడమే నాకు మేలనిపిస్తుంది. జర్నల్‌కి 200 ఎంబీ, లాగులకి 14 రోజులు, బైనరీ లాగుకి మూడు రోజులు, నకళ్లకి పది. డాకర్ ఉంటే కంటెయినరు లాగులకి గరిష్ఠ పరిమాణం తప్పకుండా రాయండి, ఊరికే వదిలేస్తే దాని మామూలు లాగు పద్ధతికి హద్దే లేదు.

ఈఎక్స్‌టీ4 తనంతట తాను నూటికి ఐదు వంతులు రూట్ కోసం దాచి ఉంచుతుంది. మన డిస్కులో అది 1.25 జీబీ. 1980లలో బర్క్‌లీ యునిక్స్ ఫైల్‌సిస్టమ్‌లో ఇలా పదో వంతు దాచేవాళ్లు. ఆ ఆనవాయితీ ఇక్కడికీ వచ్చింది. ట్యూన్2ఎఫ్ఎస్‌తో దీన్ని ఒక శాతానికి తగ్గించి జీబీ సంపాదించవచ్చని చాలామంది చెబుతారు. డేటా మాత్రమే ఉండే రెండో డిస్కుకైతే సరే. సర్వరు నడిచే డిస్కుకి వద్దు. సైటు ప్రోగ్రాములన్నీ చోటు లేక ఆగిపోయినప్పుడు మీరు రూట్‌గా లోపలికి వెళ్లి సర్దగలిగేది ఆ దాచిన చోటు వల్లనే. దానికి తోడు ఫాలొకేట్‌తో 500 ఎంబీ ఉత్త ఫైలు ఒకటి చేసి పక్కన పెట్టుకోండి. ఊపిరాడని రోజున దాన్ని తీసేస్తే సైటు వెంటనే లేస్తుంది, మీరు స్థిమితంగా కారణం వెతుక్కోవచ్చు.

రోజూ డీఎఫ్ అంకెని ఒక ఫైలులో తేదీతో రాసుకునే చిన్న క్రాన్ పని పెట్టుకుంటే ఎంతో మేలు. ఎంత నిండిందన్నదాని కన్నా రోజుకి ఎంత పెరుగుతోందన్నది ముఖ్యం. 5 జీబీ ఖాళీ, రోజుకి 100 ఎంబీ పెరుగుదల ఉంటే మీకింకా 50 రోజులున్నాయి. నిన్నటిదాకా 20 ఎంబీ పెరిగేది ఇవాళ 900 పెరిగిందంటే ఎక్కడో ఏదో జరిగింది, ఇప్పుడే చూడాలి. హెచ్చరిక మెయిలు 80 శాతం దగ్గరే రావాలి. పూర్తిగా నిండాక ఆ మెయిలుని వరుసలో పెట్టుకోవడానికి కూడా సర్వరుకి చోటుండదు.

ఇన్ని చేశాక కూడా చోటు చాలకపోతే, పెరుగుతున్నది రచనలూ ఫోటోలే అయితే, సంతోషంగా పెద్ద డిస్కు తీసుకోండి. దానికి పెట్టే డబ్బు దండగ కాదు. క్లౌడు డిస్కుని పెంచడం తేలిక, తగ్గించడం మాత్రం సాధారణంగా కుదరదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే ఆ ఫైల్‌సిస్టమ్‌ని కుదించడానికి దారి లేనట్టే, కొత్తది చేసి అన్నీ కాపీ చేసుకోవాలి. కాబట్టి 25 నుంచి ఒక్కసారే 200కి దూకకుండా 40కో 50కో వెళ్లండి. అవతల కంట్రోల్ ప్యానెల్‌లో డిస్కు సైజు పెంచినంత మాత్రాన డీఎఫ్‌లో అంకె మారదు. గ్రో పార్ట్‌తో విభాగాన్ని, ఆపైన రీసైజ్2ఎఫ్ఎస్‌తో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ని పెంచాలి. ఈ రెండూ సైటు నడుస్తుండగానే చేయవచ్చు. కొత్తగా చేరిన చోటుకి తగ్గట్టు ఐనోడ్లు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయి.